కంపెనీ అమ్మకంలో బేరసారాల బాధ్యత: గోదావరి డెల్టా అనుభవం

నిర్వచనం, పరిధి

కంపెనీని గానీ, దానిపై అదుపు దక్కేంత వాటాను గానీ అమ్మేటప్పుడు కొనుగోలుదారుతో ధర, చెల్లింపు, షరతులు మాట్లాడే పని ఎవరికి అప్పగించాలన్నది ఈ వ్యాస విషయం. అమ్మాలా వద్దా అని తేల్చడం, బేరం ఆడడం, చివర సంతకం పెట్టడం వేర్వేరు అధికారాలు. చిన్న సంస్థలో మూడూ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. వాటాదారులు, అప్పులిచ్చిన బ్యాంకులు, ప్రభుత్వం వచ్చి చేరేకొద్దీ అవి విడిపోతాయి.

ఎంపికకు రెండు గీటురాళ్లున్నాయి. వ్యాపారం, బేరం తెలిసి ఉండడం ఒకటి. ధర పెరిగితే అమ్మేవాళ్లందరితో సమానంగా లాభపడే స్థితిలో ఉండడం రెండోది. మొదటిదాన్ని చూసి మనిషిని ఎంచుకోవడం తేలిక. చిక్కులన్నీ రెండోదాని దగ్గరే వస్తాయి. కొనేవారి దగ్గర పదవి, పోటీ వ్యాపారం పెట్టనని మాటిచ్చినందుకు సొమ్ము, బ్యాంకుకు రాసిచ్చిన వ్యక్తిగత హామీ నుంచి విడుదల వంటివి బేరగాడికి విడిగా అందేట్టయితే, ఉమ్మడి ధరలో కొంత వదిలేసి తన వాటా పెంచుకునే వీలు అతనికి ఉంటుంది.

ఇక్కడ గోదావరి డెల్టా అంటే పాత ఉభయ గోదావరి జిల్లాలు. 2022 ఏప్రిల్ పునర్విభజనలో ఇవి ప్రధానంగా తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలయ్యాయి. డెల్టా నుంచి వెళ్లినవారు బయట స్థాపించిన కంపెనీల్లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతాన్ని విషయ ప్రాముఖ్యాన్ని బట్టి చేర్చడమైంది.

నేపథ్యం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరి, చెరకు సాగు విస్తరించింది. ఆ పంటల మీద వచ్చిన మిగులే తర్వాతి కాలంలో మిల్లులకు పెట్టుబడి అయింది. రాజమండ్రిలో 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో కాగితం మిల్లు మొదలైంది. తణుకులో 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ ఆధ్వర్యంలో ఆంధ్రా షుగర్స్ ఏర్పడింది. 1980ల తర్వాత కాకినాడ తీరంలో ఎరువుల కర్మాగారాలు వచ్చాయి. ఆపైన రొయ్యల మేత, రొయ్యల శుద్ధి సంస్థలు, కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ వచ్చాయి. తొలితరం సంస్థల్లో వాటాలు ఎక్కువగా బంధువర్గంలోనో, ఒకే తాలూకా రైతు కుటుంబాల మధ్యనో ఉండేవి. కొనేవారూ తెలిసినవారే కావడంతో బేరం ఎవరు మాట్లాడాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు. బయటి పెట్టుబడి, లిస్టెడ్ షేర్లు, విదేశీ కొనుగోలుదారులు వచ్చాక అయింది.

స్థానిక పద్ధతి: పెద్దమనుషులు, ఆడిటర్, బ్రోకర్

రైస్‌మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, సినిమా హాలు, చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేతులు మారేటప్పుడు అమ్మేవారూ కొనేవారూ మొదటిరోజే ఎదురెదురుగా కూర్చోవడం అరుదు. ఇరువైపులా పరిచయమున్న పెద్దమనిషి గానీ, ఇద్దరి లెక్కలూ చూసే ఆడిటర్ గారు గానీ ముందు మాట కదుపుతారు. ఆయన రెండువైపులా అంకెలు విని, తేడా దగ్గరపడిందనిపించాక కూర్చోబెడతారు. మాట కుదిరిన రోజే బయానా ఇచ్చి కాగితం రాసుకుంటారు.

ఈ పద్ధతిలో ఒక మెళకువ ఉంది. మాట్లాడేందుకు వచ్చిన మనిషికి ఒప్పుకునే అధికారం పూర్తిగా ఉండదు. “ఇంట్లో ఓ మాట అడిగి చెబుతానండి” అని లేచి వెళ్లడానికి అతనికి వీలుంటుంది. ఇంట్లో ఉన్న పెద్దాయన ఒప్పుకోలేదన్న కబురుతో రెండోరోజు మళ్లీ కూర్చోవచ్చు. నిర్ణయాధికారం గల యజమాని నేరుగా వస్తే ఆ వెసులుబాటు పోతుంది. సంప్రదింపుల శాస్త్రంలో పరిమిత అధికారం అనే సూత్రం ఇదే. డెల్టా మిల్లర్లకు ఆ పేరుతో పని పడలేదు.

లోపం మధ్యవర్తి ప్రతిఫలం దగ్గర ఉంది. ఇరువైపులా కమీషన్ తీసుకునే బ్రోకర్‌కు ధర ఎటు తేలినా ఫరవాలేదు, బేరం తెగితేనే నష్టం. ఇద్దరి పుస్తకాలూ తెలిసిన ఆడిటర్ పరిస్థితి ఇంకా సున్నితం. ఒకరి అవసరం రెండోవారికి ఎంతవరకు చెప్పవచ్చో కాగితం మీద ఎక్కడా ఉండదు.

కుటుంబ కంపెనీల్లో షేర్లు భార్యల పేర, కూతుళ్ల పేర, అమెరికాలో స్థిరపడిన కొడుకుల పేర చెల్లాచెదురుగా ఉంటాయి. అన్నదమ్ముల్లో పెద్దవాడు ధర మాట్లాడి వచ్చాక, విదేశంలో ఉన్న వాటాదారు పవర్ ఆఫ్ అటార్నీ పంపకపోవడంతో బేరాలు ఆగిపోతుంటాయి. ప్రైవేట్ కంపెనీ నిబంధనావళి షేర్ల బదిలీపై ఆంక్షలు పెడుతుంది. బయటివారికి అమ్మేముందు ఉన్న సభ్యులకు చూపాలన్న షరతు సాధారణం. అందుచేత బేరం మొదలుపెట్టకముందే వాటాదారులందరి నుంచి కనీస ధర, గడువు రాయించుకున్న అధికార పత్రం తీసుకోవాలని న్యాయవాదులు చెబుతారు. డెల్టాలో ఆ కాగితం ఎక్కువగా ధర కుదిరాకే తయారవుతుంది. (చూ. వాటాదారుల ఒప్పందం)

ప్రమోటరే బేరగాడు: రాజమండ్రి కాగితం మిల్లు

పాత కర్నాటిక్ మిల్లు 1964లో ది ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ లిమిటెడ్‌గా నమోదైంది. కాలక్రమంలో బంగూర్ కుటుంబం చేతికి వచ్చింది. రాజమండ్రిలోనూ, పక్కనే కడియంలోనూ దీనికి మిల్లులున్నాయి. 2011 మార్చిలో ఎల్.ఎన్. బంగూర్ వర్గం తమ 53.5 శాతం వాటాను అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్‌కు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. వాటాకు సుమారు 25.7 కోట్ల డాలర్లు. పోటీ వ్యాపారం చేయబోమన్న హామీకి విడిగా సుమారు 6.2 కోట్ల డాలర్లు.

ఈ రెండో అంకె దగ్గర ఆగి చూడాలి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1997 నాటి టేకోవర్ నిబంధనల ప్రకారం, ప్రమోటర్లకు ఇచ్చే పోటీ నిషేధ రుసుము ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లు కొంటామన్న బహిరంగ ప్రతిపాదన) ధరలో 25 శాతం దాటనంతవరకు దాన్ని మిగతా వాటాదారుల ధరలో కలపనక్కరలేదు. 25.7లో 6.2 అంటే 24 శాతం పైచిలుకు. గీతకు లోపలే, గీత పక్కనే. ప్రమోటర్లు చట్టం ఇచ్చిన వీలును వాడుకున్నారు. అదే కంపెనీలో అదే రకం షేరు పట్టుకున్న సామాన్య వాటాదారుకు మాత్రం ఆ సొమ్ములో భాగం లేదు. ఓపెన్ ఆఫర్ ద్వారా మరో 21.5 శాతం కొని ఇంటర్నేషనల్ పేపర్ తన వాటాను 75 శాతానికి చేర్చుకుంది. ఆఫర్‌లో షేర్లిచ్చినవారికీ ఆ రుసుము వర్తించాలా అన్న విషయంపై ఇంటర్నేషనల్ పేపర్‌కూ సెబీకీ మధ్య వివాదం నడిచింది.

2011 అక్టోబరులో అమల్లోకి వచ్చిన కొత్త టేకోవర్ నిబంధనలు ఈ వెసులుబాటు తీసేశాయి. పోటీ నిషేధ రుసుముతో సహా ఏ పేరుతో ఇచ్చినా ప్రమోటర్‌కు ముట్టిన సొమ్మంతా ఓపెన్ ఆఫర్ ధరలో లెక్కకు రావాలి. ప్రమోటరే బేరానికి కూర్చోవడాన్ని చట్టం ఆపలేదు. అతను విడిగా తెచ్చుకునేది లేకుండా చేసింది. బేరగాణ్ని మార్చడం కన్నా అతని ప్రయోజనాన్ని మార్చడం మేలన్న ఈ దారి భారతీయ చట్టంలో చెప్పుకోదగ్గది.

రెండోసారి అమ్మకం జరిగేనాటికి అమ్మేది విదేశీ మాతృసంస్థ. 2019 మేలో కుదిరిన ఒప్పందం ప్రకారం వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ 55 శాతం వాటాను షేరుకు ₹275 చొప్పున తీసుకుంది. ఆ అక్టోబరులో బదిలీ పూర్తయింది. కర్ణాటకలోని దాండేలి కేంద్రంగా నడిచే వెస్ట్ కోస్ట్, బంగూర్ కుటుంబంలోనే మరో శాఖది. 2020లో కంపెనీ పేరు ఆంధ్రా పేపర్ లిమిటెడ్ అయింది.

ప్రభుత్వం అమ్మినప్పుడు

ప్రభుత్వ వాటాకు యజమాని అంటూ ఒక మనిషి ఉండడు. ఎవరు బేరం ఆడినా తర్వాత నిలదీస్తారు. అందువల్ల ముఖాముఖి బేరానికి బదులు సీల్డ్ టెండరు, ముందే కట్టిన కనీస ధర, మంత్రివర్గ ఉపసంఘం ఆమోదం అన్న వరుస పాటిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర ప్రభుత్వరంగ సంస్కరణల కోసం ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ ఏర్పాటైంది. బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ దీనికి సాయం చేసింది. కాకినాడలో డీఏపీ ఎరువు తయారుచేసే గోదావరి ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్‌ను రాష్ట్ర ప్రభుత్వం, ఇఫ్కో కలిసి స్థాపించాయి. అందులో రాష్ట్ర వాటాను 2003లో మురుగప్ప గ్రూపుకు చెందిన కోరమాండల్ ఫెర్టిలైజర్స్ కొన్నది. తర్వాత ఆ సంస్థ కోరమాండల్‌లో విలీనమైంది.

ఆ రోజుల్లోనే డెల్టా కంపెనీ కొనుగోలుదారుగా నిలిచిన ఉదంతం నిజాం షుగర్స్‌ది. భీమవరం దగ్గర వేండ్రలోని డెల్టా పేపర్ మిల్స్ 2002లో 51 శాతం వాటాతో నిజాం దక్కన్ షుగర్స్‌ను చేపట్టింది. 49 శాతం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రభుత్వం మారాక వేసిన శాసనసభా సంఘం ఈ అమ్మకాన్ని తప్పుపట్టి రద్దుకు సిఫార్సు చేసింది. పద్ధతి ప్రకారం జరిగిందన్న సమర్థన ధర చాలదన్న విమర్శకు జవాబు కాలేకపోయింది. ప్రభుత్వ అమ్మకాల్లో అధికారులు ఎక్కువ ధర కన్నా ఆక్షేపణ రాని దారి వెతకడానికి ఇది ఒక కారణం.

దూరాన జరిగే బేరం

రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో హార్లిక్స్ తయారుచేసే కర్మాగారం 2020 దాకా గ్లాక్సోస్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ ఇండియాది. 2018 మార్చిలో లండన్‌లోని మాతృసంస్థ, నోవార్టిస్‌తో ఉన్న ఉమ్మడి వ్యాపారంలో నోవార్టిస్ 36.5 శాతం వాటాను 1,300 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అందుకు నిధులు కావాల్సి వచ్చి హార్లిక్స్‌ను అమ్మకానికి పెట్టింది. బ్యాంకర్ల ద్వారా వేలం నడిచింది. 2018 డిసెంబరు 3న హిందుస్థాన్ యూనిలీవర్‌తో ఒప్పందం ప్రకటించారు. విలువ సుమారు ₹31,700 కోట్లు. ఒక్కో షేరుకు 4.39 హిందుస్థాన్ యూనిలీవర్ షేర్లు. విలీనం 2020 ఏప్రిల్ 1న అమలైంది. విలీనం కాబట్టి మాతృసంస్థకూ చిన్న వాటాదారుకూ ఒకే నిష్పత్తి దక్కింది. ఇలాంటి అమ్మకాల్లో స్థానిక యాజమాన్యం పని లెక్కలు అందించడం, ఫ్యాక్టరీ చూపించడం వరకే.

పాక్షిక అమ్మకాలూ ఉన్నాయి. కొవ్వూరు ప్రాంతంలో ఎదిగిన అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్‌కు దాదాపు నాలుగో వంతు వాటా ఉంది. వ్యవస్థాపకులు కొనసాగబోయే సంస్థలో వారే మాట్లాడుకోవడం సహజం. రేపటి భాగస్వామితో ఇవాళ ఎంత గట్టిగా బిగించాలన్నది వాళ్లకే తెలియాలి.

2020లో జీఎంఆర్ గ్రూపు కాకినాడ సెజ్‌లో తన 51 శాతం వాటాను అరబిందో రియాల్టీకి ₹2,610 కోట్లకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. అదే కాలంలో కాకినాడ సీపోర్ట్స్‌లో జరిగిన వాటాల బదిలీ ఒత్తిడితో జరిగిందన్న ఫిర్యాదుపై 2024 డిసెంబరులో ఏపీ సీఐడీ కేసు నమోదు చేసింది. ఆరోపణలు ఎదుర్కొన్నవారు వాటిని తోసిపుచ్చారు.

నియమిత బోర్డు: సత్యం

భీమవరంలో పుట్టిన బైర్రాజు రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ స్థాపించారు. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ఆయన కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. బేరంలో రెండువైపులా ఒకే కుటుంబం. మదుపరులు తిరగబడడంతో గంటల్లోనే తీర్మానం వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్టు లేఖలో ఒప్పుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు చేర్చడానికి చేసిన ఆఖరి ప్రయత్నం మేటాస్ కొనుగోలు అని అందులోనే రాశారు.

కేంద్రం పాత బోర్డును తప్పించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను, తర్వాత తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనక్‌లను నియమించింది. వీరికి కంపెనీలో ప్రమోటర్ వాటా లేదు, అమ్మకంతో సొంత లాభం లేదు. పద్ధతి మీద అనుమానం రాకుండా సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచాను పర్యవేక్షకుడిగా పెట్టారు. గోల్డ్‌మన్ శాక్స్, అవెండస్ సలహాదారులు. నమ్మదగిన లెక్కల పుస్తకాలు లేని కంపెనీకి ధర కట్టించాలి. ఆలస్యమైతే ఖాతాదారులు, ఉద్యోగులు జారిపోతారు.

నియమం ఒకటి ముందే చెప్పారు. పై ధరలో 90 శాతానికి తగ్గకుండా మరో బిడ్ ఉంటే వారి మధ్య మళ్లీ వేలం. లేకుంటే పై బిడ్డే ఖాయం. ఏప్రిల్ 13న కవర్లు విప్పితే టెక్ మహీంద్రా ₹58, ఎల్ అండ్ టీ ₹45.90, విల్బర్ రాస్ ₹20. రెండో బిడ్ ₹52.20 దాకా రాలేదు కాబట్టి ఆ పూటే తేలిపోయింది. 31 శాతానికి కొత్త షేర్లు జారీ చేశారు. సుమారు ₹1,756 కోట్లు కంపెనీకే వచ్చాయి, పాత ప్రమోటర్లకు పోలేదు. బేరం తెలిసిన వ్యవస్థాపకుణ్ని పక్కనబెట్టి, మాట్లాడే అవసరమే తగ్గించే నియమాలు పెట్టడం ఇక్కడ పనిచేసింది. పోటీకి ముగ్గురు కొనుగోలుదారులు వచ్చారు గనుక పనిచేసిందన్నదీ నిజమే. ఒక్కరే వచ్చి ఉంటే సీల్డ్ కవరు ధర పెంచదు.

అప్పులవాళ్ల చేతికి వెళ్లినప్పుడు

2016 దివాలా స్మృతి కింద కేసు దాఖలై విచారణకు స్వీకరిస్తే బోర్డు అధికారం ఆగిపోతుంది. ట్రైబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ బిడ్లు పిలుస్తారు. అప్పులిచ్చినవారి కమిటీ తరఫున ధర మాట్లాడతారు. 66 శాతం ఓటుతో కమిటీ ఆమోదించాలి. 29ఏ సెక్షన్ ఎగవేతదారు ప్రమోటర్లు తిరిగి కొనుక్కోకుండా అడ్డుకుంటుంది. కాకినాడలో 1992 నుంచి యూరియా తయారుచేసిన నాగార్జున ఫెర్టిలైజర్స్ 2021లో ఈ ప్రక్రియలోకి వెళ్లింది. ఆ ప్రాంగణంలో ఇప్పుడు ఏఎం గ్రీన్ సంస్థ గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టు చేపట్టింది. కమిటీలోని బ్యాంకుకు తన బాకీ తీరే ధర వస్తే చాలు. బాకీలన్నీ తీరాక మిగిలే ప్రతి రూపాయీ వాటాదారుకు చెందేదే అయినా దానికోసం పోరాడే మనిషి ఆ గదిలో ఉండడు.

పారితోషికం

సలహాదారుకు కొంత ముందస్తు రుసుము, అమ్మకం పూర్తయితే ధరలో శాతం ఇస్తారు. ఆ శాతమే సమస్య. ₹100 కోట్లకు బేరం సిద్ధంగా ఉందనుకుందాం. రుసుము 2 శాతం. మరో నెల పట్టుబట్టి ₹105 కోట్లకు తెస్తే యజమానికి ₹4.90 కోట్లు అదనం, సలహాదారుకు ₹10 లక్షలు. బేరం తెగితే అతను పోగొట్టుకునేది ₹2 కోట్లు. త్వరగా ముగించమనే సలహా ఎందుకొస్తుందో ఈ లెక్క చెబుతుంది. ఒక స్థాయి దాటిన ధరపై శాతం పెంచుతూ పోవడం దీనికి మందు.

చట్టపు అవసరాలు

కంపెనీల చట్టం, 2013లోని 180వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ వ్యాపార విభాగాన్ని అమ్మాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. పోలైన ఓట్లలో అనుకూలం ప్రతికూలానికి మూడింతలు ఉండాలి. సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టరు 184వ సెక్షన్ కింద దాన్ని బయటపెట్టాలి. లిస్టెడ్ కంపెనీకి ఓపెన్ ఆఫర్ వచ్చినప్పుడు స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ తన అభిప్రాయం ప్రచురించాలి. అయితే అభిప్రాయం చెప్పడం వేరు, బేరం ఆడడం వేరు. అమెరికాలో డెలావేర్ సుప్రీంకోర్టు 1983లో వైన్‌బర్గర్ కేసులో, స్వతంత్ర డైరెక్టర్లతో బేరసారాల కమిటీ వేసి ఉంటే ఫలితం పూర్తిగా వేరుగా ఉండి ఉండవచ్చని వ్యాఖ్యానించింది. అప్పటి నుంచి అక్కడ ప్రత్యేక కమిటీలు రివాజయ్యాయి. భారతదేశంలో అలాంటి కమిటీ తప్పనిసరి కాదు.

బేరంలో చోటులేనివారు

కార్మికులు, సరుకు వేసే రైతులు బేరానికి పక్షాలు కారు. 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 25ఎఫ్ఎఫ్ సెక్షన్ సంస్థ యాజమాన్యం బదిలీ అయినప్పుడు పరిహారం చెప్పింది. కొత్త యజమాని పాత షరతులతోనే ఉద్యోగాల్లో కొనసాగిస్తే అది వర్తించేది కాదు. షేర్లు మాత్రమే చేతులు మారితే యజమాని మారినట్టే కాదు, ఎందుకంటే జీతమిచ్చే కంపెనీ అదే. రాజమండ్రి మిల్లు రెండుసార్లూ షేర్ల రూపంలోనే అమ్ముడైంది. ఆ మిల్లుకు సరుగుడు, సుబాబుల్ కలప ఇచ్చే రైతుల ధరలు అమ్మకపు ఒప్పందానికి బయటి విషయం. దివాలా ప్రక్రియలో బాకీ రావలసిన సరఫరాదారులు ఆపరేషనల్ క్రెడిటర్ల కిందికి వస్తారు. వారి మొత్తం బాకీ కంపెనీ అప్పుల్లో 10 శాతం ఉంటేనే వారి ప్రతినిధి అప్పులవాళ్ల కమిటీ సమావేశానికి రావచ్చు. అప్పుడూ ఓటు లేదు.